ఇద్దరు అప్పన్నలకు ఒకటే వంతు

కొత్తగా కంప్యూటరు ఉద్యోగాల్లో చేరిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపో మాపో మీ పై అధికారి మిమ్మల్ని పిలిచి, "డేటాబేసు బరువెక్కిపోయింది, కాస్త శుభ్రం చెయ్యండి" అంటాడు. చీపురు అందుకునే ముందు ఈ నాలుగు ముక్కలూ చదవండి. ఒక హెచ్చరిక కూడా. నేను దేన్నీ ఉన్నదున్నట్టు చెప్పలేను. మా పెరట్లో పిల్లి దూకితే పులి అంటాను. నా భార్య నా మాటల్ని పదితో భాగించి వింటుంది, చుట్టాలు వచ్చిన రోజున ఇరవైతో. మీరూ అలాగే భాగించుకుంటూ రండి. ఎక్కడ ఆపాలో నేనే చెబుతాను.

నేను యాభై దాటగానే ఉద్యోగం మానేశాను. ఇప్పుడు ఆమదాలవలసలో ఇంట్లో కూర్చుని, టీవీ రిమోటు మీద తప్ప దేని మీదా అధికారం లేకుండా బతుకుతున్నాను. అంతకుముందు శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ నా చేతి కింద ఉండేవి. ఆసుపత్రి పేరు చెప్పను. మనుషుల పేర్లూ చెప్పను. ఒక్క పేరు మాత్రం చెప్పక తప్పదు: అప్పన్న. అది చెప్పినంత మాత్రాన ఎవరి గుట్టూ బయటపడదు. మా వైపు బస్సులో "ఒరే అప్పన్నా" అని కేకేస్తే సగం బస్సు వెనక్కి తిరుగుతుంది, డ్రైవరు బ్రేకు వేస్తాడు.

మా ఆసుపత్రికి గుండెకాయ డయాలసిస్ వార్డు. ఉద్దానం వైపు కొబ్బరితోటల ఊళ్ళలో, జీడితోటల ఊళ్ళలో మనుషుల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో పెద్దపెద్దవాళ్ళు ఇంకా తేలుస్తూనే ఉన్నారు. తేలేలోపు ఆ మనుషులు మా దగ్గరకు వచ్చేవారు. వారానికి రెండుసార్లు చేతికి సూదులు పెట్టించుకుని, ఒంట్లో నెత్తురంతా మిషను గుండా తిప్పించి శుభ్రం చేయించుకుని వెళ్ళాలి. మంచం దొరికే ఆ పూటను అక్కడ అందరూ వంతు అనేవారు. ఒంట్లో ఎలా ఉందని ఒకరినొకరు అడగడం నేను వినలేదు. "నీ వంతెప్పుడు?" అదే పలకరింపు. వంతు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరి బరువవుతుంది. వరసగా తప్పుతూ పోతే ఏమవుతుందో ఆ బెంచీ మీద కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాడి చోటు ఖాళీగా కనిపిస్తుంది కదా.

ఆ వంతులు ఎవరికి ఏ రోజో వేసి ఇచ్చేది నా డేటాబేసు. అదేమో ముసలిదైపోయింది. రోగి పేరు కొట్టి ఎంటరు నొక్కితే తెర మీద ఒక గుండ్రం తిరగడం మొదలెట్టేది. ఆమదాలవలసలో రైలు దిగినవాడు ఆటోకి బేరమాడి, కుదరక ఇంకో ఆటోకి బేరమాడి, ఆసుపత్రికి వచ్చి, క్యూలో నిలబడి, నాలుగు ఇడ్లీలు తిని వచ్చినా ఆ గుండ్రం తిరుగుతూనే ఉండేది. రిజిస్ట్రేషను కౌంటరులో నా సహోద్యోగిని ఒకావిడ కూర్చునేది. గరివిడి మనిషి. ఎంటరు నొక్కి, స్వెటరు అల్లిక అందుకునేది. ఉక్కపోతకు ఫ్యాను కింద కూడా చెమటలు పట్టే మా ఊళ్ళో ఆవిడ అల్లిన స్వెటర్లు కాశ్మీరు సరిహద్దులో ఒక పటాలానికి సరిపోతాయి. భాగించండి.

"ఏటి సార్, మీ కంప్యూటరు నిద్దరోతందా, సచ్చిపోయినాదా? సెప్తే ఏదో ఒకటి సేత్తాం," అని ఆవిడ రోజూ అడిగేది.

సర్వరు పెట్టిన గది ఒకప్పటి స్నానాలగది. గోడలకు తెల్ల పలకలు, మూలన మూసేసిన కుళాయి. ఏసీ వేసినప్పుడల్లా కుళాయి ఒక నిట్టూర్పు విడిచేది. అక్కడ కూర్చుని నేను డేటాబేసు కడుపులోకి చూస్తే, పుట్టినప్పటి నుంచి అది పారేసిన వస్తువు ఒక్కటీ లేదు. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో, ఎవరు పాస్‌వర్డు తప్పు కొట్టారో, ఎప్పుడో ఎవరో పరీక్షకని చేసిన దొంగ రోగులు, అన్నీ ఉన్నాయి. ఏమీ పారెయ్యని ఇల్లాలి అటక లాంటిది అది. పైగా ఒకే మనిషి రెండేసి, మూడేసి చోట్ల. చీటీ పోగొట్టుకుని వచ్చినవాడిని వెతికేకంటే కొత్తగా రాసుకోవడమే తేలికని కౌంటరువాళ్ళు మళ్ళీ రాసేసుకునేవారు.

శుభ్రం చెయ్యాలని మీటింగు పెట్టారు. మా మేనేజరు వేరే జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషి, కష్టపడే మనిషి, రోగుల క్యూ చూసి నిజంగా బాధపడే మనిషి. ఆయన బోర్డు మీద రాశారు. పాతబడినవి వేరే చోటికి మార్చాలి. ఇండెక్సులు, అంటే వెతికే పట్టీలు, కొత్తగా కట్టాలి. రెండుసార్లు పడ్డ మనుషుల్ని ఒకటిగా కలపాలి. మొదటి రెండూ ఎవరైనా చెయ్యగలరు. చిక్కంతా మూడోదానితోనే.

"ఒకడే మనిషి ఒకచోట అప్పన్న, ఇంకోచోట చిన అప్పన్న, మరోచోట శ్రీ అప్పన్న. మిషను ముగ్గురనుకుంటుంది," అన్నారాయన, బోర్డు మీద ‘అలంకారాలు’ అని రాస్తూ. "ఈ శ్రీలూ, శ్రీమతులూ, పెదలూ, చినలూ పేరుకి అలంకారాలు. వాటిని తీసేసి పోల్చుదాం. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టినరోజు, ఫోను నంబరు, ఇన్ని కలిస్తే ఇంకా ఇద్దరెలా అవుతారు?"

మేమంతా తలలు ఊపాం. లెక్కకు అంత బాగుంది ఆ మాట.

మా ఇంటి సంగతి చెబుతాను వినండి. మా అమ్మకు ముగ్గురు తమ్ముళ్ళు. ముగ్గురూ అప్పన్నలే. మా అమ్మమ్మకు పిల్లలు నిలవక సింహాచలం అప్పన్నస్వామికి మొక్కుకుంది. బతికిన ప్రతివాడూ ఆ దేవుడి సొమ్మే కనుక ఆ పేరే. పెదప్పన్న, నడిపప్పన్న, చినప్పన్న. "అప్పన్న మావా, భోజనానికి రా" అంటే ముగ్గురూ లేచేవారు. "అప్పన్న మావా, గేదెల్ని తోలుకురా" అంటే ముగ్గురికీ చెవుడు వచ్చేది. ఆ గదిలో తల ఊపిన ప్రతివాడి ఇంట్లోనూ ఇలాంటి పెదప్పన్న ఒకడు ఉన్నాడు. పెద అనేది అలంకారం కాదని, అసలు మనిషిని మనిషి నుంచి విడదీసేది అదొక్కటేనని పాలు తాగేనాడే తెలిసిన వాళ్ళం. కానీ ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు ఆ తెలివిని బయట విడిచి లోపలికి వచ్చాం. ఏసీ గదిలో కూర్చుంటే ఎవడికీ మేనమామలు గుర్తురారు.

ఇక పుట్టినరోజు. మా వైపు పెద్దవాళ్ళందరూ జనవరి ఒకటిన పుట్టారు. వయసు మాత్రం చెబితే కంప్యూటరు ఆ తేదీ వేసుకుంటుంది. ఫోను ఇంటికి ఒకటే. ఆధారు కార్డు తరవాత తెస్తానన్నవాళ్ళకు అప్పట్లో కౌంటరులో వరసగా సున్నాలు కొట్టి వదిలేశారు. అన్నీ కలిశాయి. ఎంతమంది ఎంతమందిలో కలిసిపోయారో గానీ, ఒక ఆదివారం పూట పని పూర్తయింది.

సోమవారం ఉదయం కౌంటరావిడ పేరు కొట్టి, అలవాటుగా అల్లిక అందుకోబోయింది. సూది చేతికి రాకముందే రోగి తెర మీదకు వచ్చేశాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఓలమ్మో, బేగి వచ్చీసినాడు సార్!" అని వరండా అంతా వినపడేలా అరిచింది. మేనేజరుగారు పలాస నుంచి జీడిపప్పు పాకం తెప్పించి అందరికీ పంచారు. నేను రెండు ముక్కలు తిన్నాను. ఆ పాకం రుచి ఇప్పటికీ నా నోట్లో ఉంది. ఉండకపోతే బాగుండేది.

తమ్ముళ్ళూ, భాగించడం ఇక్కడ ఆపండి.

డయాలసిస్ వార్డు హెడ్ నర్సును మేమంతా సిస్టరమ్మ అనేవాళ్ళం. అప్పటికి ఆవిడ కూతురి పురిటికని సెలవులో ఉంది. ఆవిడ స్థానంలో పొరుగు జిల్లా నుంచి తాత్కాలికంగా వచ్చిన టెక్నీషియన్లు పని నడుపుతున్నారు. వాళ్ళకు రోగుల ముఖాలు తెలియవు, చీటీలు మాత్రమే తెలుసు. సిస్టరమ్మ తిరిగి వచ్చిన రోజున, అంటే మేము శుభ్రం చేసిన కొన్ని వారాలకు ఒక మంగళవారం పొద్దున్న, నా గదిలో ఫోను మోగింది.

"సార్, ఉన్నఫళంగా పైకి రండి. మీ కంప్యూటరు సేసిన పని మీ కళ్ళతో సూద్దురుగాని."

పైకి వెళ్ళేసరికి ఖాళీ మంచం ఒకటి, దాని పక్కన ఇద్దరు మనుషులు. ఒకే ముక్కు, ఒకే నుదురు, ఒకే రకం గళ్ళ లుంగీ. ఒకడు పెద్ద, ఒకడు చిన్న, అంతే తేడా. ఇద్దరికీ మోచేతి దగ్గర సూదుల గుర్తులు ఉన్నాయి. ఇద్దరూ వాదించుకుంటున్నారు. మంచం కోసమని ముందు నేను అనుకున్నాను. వినగా, ఎదుటివాడు ఎక్కాలని.

"నువ్వెక్కరా, నాకేటి, నాను బాగున్నాను," అంటున్నాడు పెద్దవాడు. బాగున్నానన్న ఆ నాలుగు మాటలకే మధ్యలో రెండుసార్లు ఆగాడు.

"ఏటి బాగున్నావు? మొకం సూసుకున్నావా? గుమ్మిడికాయ లాగ అయిపోనావు. ఎక్కు అన్నియ్యా."

"ఈ మంగళారం నీది. లెక్క లెక్కే."

"నీ లెక్కకి నిప్పెట్ట! ఎక్కుతావా, ఎత్తి పడీమంటావా?"

సిస్టరమ్మ పెద్దవాడి కాలి మీద వేలుతో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఆవిడ నా వైపు తిరిగింది.

"వీల్లిద్దరూ నా దగ్గర ఏళ్ళ తరబడి ఉన్నోళ్ళు సార్. పెద్దాయనకి సోమారం, గురువారం. సిన్నాయనకి మంగళారం, శుక్రారం. ఇప్పుడు సూస్తే ఇద్దరికీ కలిపి మంగళారం, శుక్రారమే ఉన్నాది. ఒకడు మంగళారం ఎక్కుతన్నాడు, ఒకడు శుక్రారం ఎక్కుతన్నాడు. తరవాత వారం మార్సుకుంటన్నారు. నాను ఎల్లిన కాడినుంచీ ఇదే బాగోతం!"

నాకు అర్థమైపోయింది. పెద అప్పన్న, చిన అప్పన్న. ఒకే తండ్రి, ఒకే ఊరు, ఒకే ఫోను, ఇద్దరూ యాభై ఉంటాయని చెప్పినవాళ్ళు, ఇద్దరూ జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు. మేము పెదనూ చిననూ తీసేశాం. ఒక అప్పన్న మిగిలాడు. మా డేటాబేసుకు వచ్చిన ఆ వేగంలో పెద్దాయన సోమవారం, గురువారం కొట్టుకుపోయాయి.

సిస్టరమ్మ టెక్నీషియన్లను పరిగెత్తించి ఇంకో మంచం సర్దించి ఇద్దరినీ ఎక్కించింది. సూదులు పెట్టాక నేను స్టూలు లాక్కుని వాళ్ళ మధ్య కూర్చున్నాను.

"మరి ఎవరినీ అడగలేదేమిటయ్యా?" అన్నాను.

పెద్దాయన నవ్వాడు. "అడగడానికేటుంది బావూ. సోమారం వస్తే మంగళారం రమ్మన్నారు. మంగళారం వస్తే అప్పన్నకి ఒకటే మంచం అన్నారు. రేసను కార్డు లాగ ఇంటికొక వంతే అని రూలు ఒచ్చుంటాదని అనుకున్నాం. సరుకు తగ్గిత్తే సర్దుకోమా? అలగే."

"ఏటి సర్దుకున్నావు!" అవతలి మంచం మీద నుంచి తమ్ముడు అరిచాడు. "సెప్పు ఆరికి! వంతు సగమైనాదని నీల్లు తాగడం సగం సేసీసినాడు బావూ. నాలిక తడుపుకోడానికి నిమ్మతొన నాకేవోడు. నా వంతు రోజున ఆటోలో నాకు తోడొచ్చి ఇదిగో ఈ బెంచీ మీదే కూకునీవోడు, ఆయాసపడతా."

"ఒల్లకోరా, అరవకు, సూది కదిలిపోద్ది," అన్నాడు పెద్దాయన.

"అడుగుదామన్నాను బావూ. అన్నియ్యే వద్దన్నాడు," అన్నాడు తమ్ముడు.

"అడిగితే ఆ ఒక్కటీ తీసేత్తారేమోనని," అన్నాడు పెద్దాయన మెల్లగా. "ఒకటున్నా సాలు. ఇద్దరం ఉన్నాం కదా."

కంప్యూటరు మీ ఇద్దరినీ ఒక్కడే అనుకుందని, రూలు ఏమీ లేదని, మేమే కలిపేశామని నాకు వచ్చినట్టు చెప్పాను. ఆయన నన్ను ఊరుకోబెట్టడానికన్నట్టు, "మాయమ్మా అలగే అనుకునీది బావూ. ఈడు సేసిన ఎదవ పనికి నన్ను కొట్టీసీది. నాను అప్పన్ననే గదా, తప్పేటి?" అన్నాడు. చుట్టుపక్కల మంచాల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. మిషన్లకు కట్టేసి ఉన్న మనుషులు నవ్వితే గొట్టాలు కూడా కదులుతాయి. సిస్టరమ్మ మాత్రం కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

శుభ్రం చేసే ముందు పాతదంతా ఒక నకలు తీసి పక్కన పెట్టుకోవడం మా పనిలో అలవాటు. అందువల్ల ఆ పూటే పెదప్పన్నను చినప్పన్న నుంచి బయటకు తీశాను. సోమవారం, గురువారం ఆయనకు తిరిగి వచ్చాయి. మేనేజరుగారికి చెప్పాను. ఆయన బోర్డు మీద ‘అలంకారాలు’ అని తాను రాసిన మాట ఇంకా ఉంటే, దాన్ని డస్టరుతో కాకుండా అరచేత్తో తుడిచారు.

అలా కలిసిపోయినవాళ్ళు ఇంకా ఎవరున్నారో తెలియదు. కలిపిన ప్రతి ఇంటికీ ఫోను చేసి కనుక్కోమన్నారు. ఆ పనికి కౌంటరావిడ కూర్చుంది. శుభ్రం చేసిన మర్నాడు, ఆ సోమవారం, పెద్దాయనకు "మీ వంతు మంగళారం" అని తెర మీద చూసి చెప్పి పంపింది ఆవిడే. ఆ రోజు నుంచి అల్లిక ముట్టుకోలేదు. రోజంతా ఫోన్లు.

"పెదప్పన్న గారున్నారా?"

"ఏ పెదప్పన్న? బతికున్నోడా, సచ్చిపోయినోడా?"

"ఎవులైనా సరే సెప్పండమ్మా. మీ ఇంట్లో ఎంతమంది అప్పన్నలున్నారు?"

"నువ్వెవుత్తివే మా అప్పన్నల్ని లెక్కెట్టడానికి?"

ఇలా తిట్లు తింటూ ఆవిడ అన్ని ఇళ్ళూ కనుక్కుంది. ఎక్కువమంది నిజంగానే ఒకడే రెండుసార్లు పడ్డవాళ్ళు. కొందరు తండ్రీ కొడుకులు. ఒకచోట తోడికోడళ్ళు. వాళ్ళు వంతులవాళ్ళు కారు, జ్వరాలకీ కాలినొప్పులకీ వచ్చి పోయినవాళ్ళు. వాళ్ళను విడదీసి ఊపిరి పీల్చుకున్నాం. పెద, నడిపి, చిన అనే మాటలకు విడిగా ఒక గడి కట్టాం. ఇక ఎవరూ ముట్టుకోకూడదని తాళం కూడా వేశాం.

పెద్దాయన కొన్ని వారాలపాటు తన సోమవారాలకు తాను వచ్చాడు. ముఖం వాపు తగ్గింది. నేను వరండాలో కనిపిస్తే, "ఏటి బావూ, ఇయ్యాల ఇద్దరమేనా?" అని చెయ్యి ఊపేవాడు. వానలు పట్టాక ఒక గురువారం రాలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, దారిలోనే పోయాడని కబురు వచ్చింది. మేము వంతు కోసినందువల్లనా, ఆయన కిడ్నీలు మొదటినుంచీ అంతేనా, డాక్టరుగారు చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే చెప్పేవారే.

మరణించినవాళ్ళ పేరు పక్కన గుర్తు పెట్టే పని కూడా నా గదిలోనే జరిగేది. పేరు కొట్టగానే ఇద్దరు అప్పన్నలూ కన్ను మూసి తెరిచేలోపు వచ్చేశారు, ఒకరి కింద ఒకరు. అంత వేగంగా రావడం కోసమే కదా మేము ఇదంతా చేశాం. ‘పెద’ అన్న అక్షరాల మీద వేలు పెట్టుకుని, పైకి చదివి, మళ్ళీ చదివి, మీట నొక్కాను. మూలన కుళాయి నిట్టూర్చింది.

కర్మకాండలు అయ్యాక తమ్ముడు తన శుక్రవారానికి ఒంటరిగా వచ్చాడు. తల గుండు, అదే గళ్ళ లుంగీ. ఆ సమయానికి నేను కౌంటరు దగ్గరే ఉన్నాను. చీటీ మీద ‘చిన అప్పన్న’ అని అచ్చయి వచ్చింది. కౌంటరావిడ దాన్ని ఆయనకు ఇవ్వబోయి, ఇవ్వలేక చేతిలోనే పట్టుకుంది. వచ్చిన ప్రతిసారీ ఆ మాటకు ఆయన మనసు నొచ్చుకుంటుందని ఆవిడ భయం.

"ఇంకెందుకు బావూ ఈ సిన అనేది. సార్ కి సెప్పి తీయించీమంటారా? ఉట్టి అప్పన్న అని ఒస్తాది," అంది.

ఆయన చీటీ తీసుకుని, చదవడం రాకపోయినా, ఆ అక్షరాల కేసి చూశాడు.

"వద్దు తల్లీ, ఉండనీ. సిన అని ఉంటేనే గదా, పెద్దోడు ఒకడు ఉండీవోడని తెలుస్తాది."

చీటీ మడిచి జేబులో పెట్టుకుని, రెయిలింగు పట్టుకుని మెట్లెక్కి వెళ్ళాడు.

ఉంచాం. నేను ఉద్యోగం మానేసేవరకూ ఎన్నిసార్లు శుభ్రం చేసినా ఆ గడి జోలికి పోలేదు. ఆ రెండు అక్షరాలు మోయడానికి మా సర్వరుకు ఏ బరువూ కాలేదు.